మౌస్ వదలని మాస్టారు

టీచర్లకు కంప్యూటర్ నేర్పడానికి వచ్చిన మాస్టారు మహా దయగలవాడు, ఎవరికీ శ్రమ ఇవ్వడు. టీచరును కుర్చీలో కూర్చోబెట్టి, భుజం మీదుగా వంగి, మౌస్ మాత్రం తన గుప్పిట్లోనే ఉంచుకుంటాడు. టకటకా నొక్కేసి, "చూశారుగా, ఇంతే!" అంటాడు. అందరూ తలలూపుతారు. చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కల టీచరమ్మ కూడా ఊపింది. ఆఖరి రోజు హెడ్‌మిస్ట్రెస్ వచ్చి, పాఠం తెర మీద చూపలేనివాళ్లకు పదో తరగతి ఇవ్వనంది. టీచరమ్మ ఏళ్లుగా చెబుతున్న తరగతి అది. ఆమె చెయ్యి చాచేసరికి మౌస్ మీద మాస్టారి చెయ్యి సిద్ధంగా ఉంది.

"మీకెందుకమ్మా శ్రమ, నేను చూపిస్తాగా!"

పక్కవాడి పలక లాక్కున్న పిల్లాడి చేతిని తీసినట్టు, ఆమె ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"నువ్వు నేర్పడం అయిపోయింది కదా నాయనా, ఇక నన్ను నేర్చుకోనీ."

హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ లాక్కుని, తీరిగ్గా కూర్చుంది.