సూరిబాబు చెవులు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. ఆడిన రోజున ఈక బరువు కూడా లేదు. మోసం చేసినవాడికి మోయడం తప్పదు కాబోలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇది మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మా విశాఖ బృందగానం జట్టు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మేడ మీద ఆదివారాలు సాధన చేసేది. ఆ ఏడు, బయటి ఊళ్ల గాయకులతో కలిసి ఒక ఇటాలియన్ విషాద ఆపెరా పాడాం. వేషాలు, తెరలు ఉండవు. అందరం నల్లబట్టల్లో నిలబడి పాడటమే. నాయిక కూడా నిలబడే చచ్చిపోతుంది.

నా పక్కన సూరిబాబు. పోర్టులో క్రేన్ నడుపుతాడు. గొంతు బంగారం, స్వరలిపి చదవడం మాత్రం రాదు. నాకు చదవడం వచ్చు, గొంతు సంగతి అడక్కండి. అందుకని మాలో మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను ఊపిరి పీల్చే చప్పుడు విని అతను పాట అందుకుంటాడు.

నాయిక చనిపోయాక వాయిద్యాలన్నీ ఆగుతాయి. నాలుగు లెక్కలు నిశ్శబ్దం. ఆ తర్వాతే మేం మెల్లగా ఎత్తుకోవాలి. ప్రదర్శన రోజున, ఆ నిశ్శబ్దంలో నేను వీడియో తీస్తున్న కెమెరా మావైపు తిరిగిందా అని చూశాను. కంగారులో మూడో లెక్కకే ఊపిరి పీల్చాను. వెంటనే తెలిసింది, నోరు మూసుకున్నాను. సూరిబాబు మూయలేదు. హాలంతా అతని గొంతు ఒక్కటే. జనం నవ్వారు. తాళం తప్పింది నేను, నోటికి తాళం వేసుకున్నదీ నేనే.

"పోయినమ్మని లేపేసినావు కదరా సూరీ" అని జట్టులో ఒకడు ఎగతాళి చేశాడు. మాకు పాట నేర్పే మాస్టారు అతని వైపు చూడకుండానే కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు. అది ఇంకా ఘోరం.

గాజువాక బస్సులో సూరిబాబు నెమ్మదిగా అడిగాడు.

"బావా, నిజం సెప్పు. నువ్వు ఊపిరి పీల్సినట్టు ఇనిపించింది నాకు. మూడుకే పీల్సీసినావా ఏటి?"

"లేదు బావా. నాలుక్కే పీల్చాను."

"అయితే నా సెవులే సెడ్డాయన్నమాట. క్రేను మోతకి పోయుంటాయిలే."

ఎందుకన్నాను ఆ మాట? భయమా? చదవడం వచ్చినవాడన్న పేరొక్కటే నాకున్న ఆస్తి, అది పోతుందనా? లేక ఆ గొంతు మీద ఎప్పటి నుంచో ఉన్న అసూయ సందు చూసుకుని బయటపడిందా? ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నా నాకు నచ్చే కారణం ఒక్కటీ దొరకలేదు. కాగితం చదవలేనివాడికి చెవులే ఆధారం. వాటినే నమ్మవద్దని చెప్పాను.

మరుసటి ఆదివారం అతను రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు షేర్ ఆటోలో కలుస్తాడు, నవ్వుతాడు. ఏదైనా కూనిరాగం తీస్తూంటే, నన్ను చూసి ఆపేస్తాడు.

అతని చెవులకేమీ కాలేదు. అవి విన్నది నిజం. ఈ మాట అతనికింకా చెప్పలేదు. కనీసం ఒక మనిషికి చెప్పాను.