కొర్రల మీద పిండి

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులోని మా ఇంటి వసారాలో మా మేనమామ చేసి చూపిన ఒక పనిని రాసి ఉంచక తప్పడం లేదు. మంచుకొండల్లో మనుషులు కూరుకుపోయారన్న వార్త చదివి, అంతా విధి అని నిట్టూర్చేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మామ సైన్యంలో చేరి కాశ్మీరు కొండల్లో పనిచేసేవాడు. ఆ ఏడు సెలవుకు వచ్చేసరికి పీర్ల పండగ దగ్గరపడింది. పండగకు మా వీధిలో ఏ మతంవారైనా గోడలకు తెల్లసుద్ద పూసేవారు. ఆడవాళ్ళు వంక గట్టును అడుగున తొలిచి ఆ సుద్ద తెచ్చేవారు. లోపలికి పోయేకొద్దీ తెలుపు ఎక్కువ; తొలిచినకొద్దీ పైన మట్టి చూరులా వేలాడేది. పెద్దవాన వెలిసిన మరునాడు మా అమ్మ గంప పట్టుకొని బయలుదేరింది.

"యాడికి పోతాండావక్కా?"

"సుద్దకు. నిన్న పక్కింటి వదిన పోయి రాలేదా? ఆమెకేమైంది?"

ఆ మాటకు మామ ముఖం కందిపోయింది. గంప లాక్కొని, చేట తెమ్మన్నాడు. తడిపొడిగా కలిపిన జొన్నపిండిని అందులో పరిచి, దానిపై కొర్రలు చల్లి, ఆపైన మళ్ళీ పిండి వేసి గట్టిగా చరిచాడు. చేటను ఏటవాలుగా ఎత్తిపట్టాడు. ఏదీ కదలలేదు.

"గట్టిగానే ఉండాదే" అని అమ్మ నవ్వింది.

మామ పైపొరను వేలితో ఒక్క పోటు పొడిచాడు. అది పలకలా విరిగి, జారి, అమ్మ పాదాల మీద పడింది.

ముందు పడిన మంచు చలికి లోలోపల పట్టు విడిచి కొర్రల్లా అవుతుందనీ, దానిపై పడ్డ కొత్త మంచును గాలి అదిమి గట్టిపరుస్తుందనీ, చూసేవాడికి ఆ పై గట్టితనమే కనబడుతుందనీ వివరించాడు.

"నిన్నటోళ్ళ అడుగులు ఉండాయి కదా, పదండి అన్న్యాడు మా దళం పెద్దాయన. ఆ అడుగుల్లోనే పోతిమి. నా జతగాళ్ళు ఇద్దరు ఈపొద్దుకీ ఆ మంచు కిందనే ఉండారక్కా."

అమ్మ వెళ్ళలేదు. పండగనాడు వీధి మొత్తంలో మా గోడలే మాసి ఉన్నాయి. గట్టు మాత్రం పడలేదు.

"ఏందప్పా మిలిట్రీ, నీ గట్టు ఇంకా నిలబడే ఉండాదే?" అని ఎదురింటాయన ఎగతాళి చేశాడు.

"పడలేదులే అన్నా. అది నీ తెలివి మాత్రం కాదు" అన్నాడు మామ.

శవం లేస్తే గాని హెచ్చరికను నమ్మని ఆ నవ్వును నేను నేటికీ క్షమించలేదు. అలా నవ్వేవారు ఎంత చదివినవారైనా, వారి వెనుక నేను నడవను.

మంచును కళ్ళారా చూసినవాణ్ణి కాను. పొరల విషయంలో నేను తప్పు రాసి ఉంటే, ఆ కొండలెరిగిన పాఠకులు దయచేసి దిద్దవలసింది. నిన్న ఏమీ కాలేదు కదా అనే జవాబు మాత్రం నాకు పంపవద్దు.