బురుజు కంతలోంచి నాయనమ్మ

గోదావరి ఒడ్డున మేం పోయే ఖిల్లా పెద్దదేం కాదు. నాలుగు బురుజులు, మధ్యలో తుమ్మచెట్లు, గోడల నిండా ప్రేమికుల పేర్లు. ఆ పేర్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాపు మాత్రం అటు చూడనే చూడడు. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, చనిపోయిన తన తల్లికి అన్నం పెట్టడానికే అక్కడికి వస్తాడు.

ఖిల్లా కింద ఉండే బాపు వాళ్ల ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. ఖాళీ చేసేటప్పుడు జనం తలుపులు, దూలాలు విప్పుకుని బండ్ల మీద వేసుకుపోయారు. నాయనమ్మను పూడ్చిన బొందను ఎలా తీసుకుపోతారు? బొగ్గుబాయి పనికి సెలవు పెట్టి వచ్చిన బాపు బురుజెక్కి, ఒకప్పుడు తుపాకులు పెట్టిన కంతల్లో ఒక్కొక్కదానికీ కన్ను ఆనించి చూశాడట. ఒక కంతలోంచి సరిగ్గా ఆ బొంద కనబడిందట. నీళ్లు వచ్చాక అదే ఆయనకు గుర్తు. అందులోంచి చూసుకుని, కిందికి దిగి, అదే దిక్కుకు అన్నం విస్తరి నీళ్లలో వదిలేవాడు.

మొన్న పోయేసరికి ఆ బురుజు లేదు. వానలకు నది వైపు కూలి, రాళ్లన్నీ నీళ్లలో పడి ఉన్నాయి. బాపు ఆ ఖాళీలో నిలబడ్డాడు. ఇన్నేళ్లూ కంతలో అరచేతంత నీళ్లు కనబడేవి. ఇప్పుడు గోదావరి మొత్తం కనబడుతోంది. పిడికిలి గుండ్రంగా మడిచి కంటికి పెట్టుకున్నాడు. అటు జరిగాడు, ఇటు జరిగాడు.

"గిక్కడనా? కాదు, జర కిందికుండె" అని తనలో తనే అనుకుంటున్నాడు.

నేను చూడలేకపోయాను.

"యాడనో ఒక కాడ వదులు బాపూ. అన్నీ గవే నీళ్లు కదా."

"రేపు నాకు పెట్టేది పక్కోని బొంద కాడ పెడ్తవా?" అని కసిరాడు.

గారెలూ కూరా టిఫిన్‌లోనే ఉండిపోయాయి. విస్తరి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను.

ఇంటికి తిరిగి వచ్చే బస్సెక్కాం. చొప్పదండి దాటాక నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నన్ను మాత్రం పూడ్చకున్రి. కాలవెట్టున్రి. నా కోసం గిట్ల ఎతుకుడు మీకొద్దు."

మా ఇళ్లల్లో ఇంతవరకు ఎవరినీ కాల్చలేదు.