బొటనవేలికి పట్టిన కారు బుష్

"సిరిగిపోయిన సరుకు నాకంటగడతావేటి, బాబూ?"

"అమ్మా, అది సిరగనేదు. అలాగే వస్తాది."

"అలాగెలా వస్తాది? పక్కన ఇంత గాటు అవుపడతంది. కడుపు సీలిన సేప తెచ్చి, ఇది పుట్టడవే ఇలా పుట్టిందంటే నువ్వు కొంతావా?"

"ఇది సేప కాదమ్మా, రబ్బరు బుష్షు!"

"సరుకేదైనా సరుకే. ఇలాటిది నా బుట్టలో ఉంటే పిల్లికేస్తాను."

ఆమదాలవలసలో కార్ల సామాన్ల కొట్టు ముందు నిలబడి, వీధి వీధంతా వినేలా నేను చేసిన గొడవ ఇది. ఆ కొట్టతని మాట ఇంకొక్క నిమిషం చెవిన పెట్టి ఉంటే నా కుడిచేతి బొటనవేలికి అంత గతి పట్టేది కాదు. ఏం గతి పట్టిందో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మాది భావనపాడు. చేపల వ్యాపారం. మాకో పాత తెల్ల కారుంది. దాని వయసు మా కోడలి వయసుకి దగ్గర్లో ఉంటుంది. దాన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. చేపల బుట్టతో ఎక్కబోతే బస్సువాడు దిగమంటాడు, ఆటోవాడు ముక్కు మూసుకుని ముందుకు పోతాడు. మా వీధి ఆడాళ్ళం బుట్టలతో సహా టెక్కలి సంతకి వేళకు చేరుతున్నామంటే ఆ కారు పుణ్యమే. ఆ కారు పోతే మళ్ళీ రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయే ప్రతి ఆటోనీ బతిమాలుకోవాలి. బతిమాలడం నాకు చేతకాదు.

అలాంటి కారు మలుపు తిరిగినప్పుడల్లా ఒక పక్కకి ఒరిగిపోయి, ముందు చక్రాల దగ్గర టకటకమని కొట్టుకోవడం మొదలెట్టింది. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. స్వే బార్ అని దానికి పెద్ద పేరు. మా మెకానిక్ మాత్రం బ్యాలెన్స్ రాడ్ అంటాడు. బండి ఒరిగిపోకుండా కాసేది అదే. దాన్ని బండికి పట్టి ఉంచే, మధ్యలో కన్నమున్న రబ్బరు బుష్‌లు రెండూ అరిగిపోయాయట. ఈ పాత బండికి ఆ బుష్‌లు దొరకవని మా అబ్బాయి అప్పన్న తేల్చేశాడు.

"పాత ఇనప సామాన్లోడు రేపు పొద్దున్న వస్తన్నాడమ్మా. అమ్మేద్దుం."

"వాడొచ్చే లోపల బుష్షులు నే తెస్తాను. తెచ్చినాక ఆ మాటెత్తితే నాలిక కోస్తాను."

మెకానిక్ ఊడదీసిచ్చిన పాత బుష్‌ను కొంగున కట్టుకుని రైలెక్కాను. ఆమదాలవలస కొట్టతను దాన్ని చూడగానే లోపలికెళ్ళి అచ్చం అలాంటివే రెండు తెచ్చి నా ముందు పెట్టాడు. రెండిటికీ పక్కన గాటు ఉంది. మా పాతదానికీ సరిగ్గా అక్కడే గాటు ఉంది. బుర్ర ఉన్న మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నేను ఇంకా గట్టిగా అరిచాను.

"మాది సెడింది ఈ గాటు వల్లే. కొత్తదాన్లో కూడా అదే గాటా?"

"అమ్మా, ఆ గాటెందుకంటే..."

"ఎందుకో నాకు తెల్దా? ఎలకలు కొరికుంటాయి. కొట్టు తుడుసుకో ముందు!"

కొట్టతను రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నేను గెలిచాననుకున్నాను.

మళ్ళీ రైలెక్కి చీపురుపల్లిలో దిగాను. అక్కడి కొట్టు ముసలాయన నా పాత బుష్‌ను కొలిచి, అటక మీద దుమ్ములోంచి ఒక పెట్టె లాగి, గుండ్రంగా, నున్నగా, ఎక్కడా గాటు లేని బుష్‌లు రెండు తీశాడు.

"ఇవి ఇంకా కొయ్యనివమ్మా. పాత సరుకు."

"కొయ్యనివే కావాలి నాన్నా! దీని కోసవే ఇంత దూరం వచ్చినాను."

అంతటితో డబ్బిచ్చి వచ్చేస్తే బాగుండేది. కానీ చేప తాజాదో కాదో బొటనవేలితో నొక్కి చూడందే కొనని చెయ్యి నాది. రబ్బరు గట్టిదో కాదో చూద్దామని బుష్ కన్నంలోకి వేలు పెట్టి బలంగా నొక్కాను. వేలు సర్రున లోపలికి పోయింది. బయటికి మాత్రం రాలేదు.

సబ్బు రాశాం. కొబ్బరినూనె పోశాం. ముసలాయన ఒక పక్క, ఆయన భార్య ఒక పక్క, పీకలోతు నీళ్ళలో వల లాగుతున్నట్టు లాగారు. వేలు పీత డెక్కలా ఎర్రగా ఉబ్బింది.

"అమ్మా, బ్లేడుతో ఒక్క గాటు పెడితే ఊడొస్తాది."

"నా కొత్త సరుకు కోస్తావా? కావాలంటే ఏలు కొయ్యి. బుష్షు మీద సెయ్యేస్తే మరి బాగుండదు!"

అలాగే రైలెక్కాను. ఎదురుగా కూర్చున్నావిడ నా చేతికేసి చాలాసేపు చూసి అడిగింది.

"ఏటమ్మా అది? ఉంగరవా?"

"అవును. మా కారుది."

ఆవిడ లేచి వేరే చోట కూర్చుంది.

ఇంటికొచ్చాక అసలు అవమానం మొదలయింది. కుడిచెయ్యి పనిచెయ్యదు, ఎడమచేత్తో తినడం నాకు రాదు. ఇన్నేళ్ళుగా ఏ కోడలి మీద అరిచానో ఆ గౌరి చేతి ముద్దలే నోరు తెరిచి తిన్నాను.

"అత్తా, కోసేద్దుమా?"

"కోసేసి కారుకేటి తొడుగుతావే? నీ గాజా?"

అప్పన్న గుమ్మంలో నిలబడి పకపకా నవ్వుతున్నాడు. "రేపు ఇనప సామాన్లోడు కారుతో పాటు నీ యేలు కూడా తూకవేస్తాడేమో, అమ్మా!"

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. ఇనుప సామాన్లవాడు అప్పటికే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"బుష్షులు ఏవమ్మా?"

ఎడమచేత్తో ఒకటి ఇచ్చాను. రెండోది చూపించడానికి బొటనవేలు పైకెత్తాను. అతను మరేమీ అడగకుండా సంచిలోంచి బ్లేడు తీశాడు.

"ఒరే, కొయ్యకురా!"

"కొయ్యకపోతే రాడ్డుకెలా ఎక్కుతాదమ్మా? రాడ్డు సివర్లు రెండూ వంకరగుంటాయి. గాటు పెట్టి, నోరు తెరిసి తొడగాలి. ఆవదాలవలసలో కోసినవే అమ్ముతారు గదా, సీపురుపల్లి దాకా ఎందుకెళ్ళినారు?"

అరుగు మీదున్నవాడితో సహా అందరూ నాకేసి చూశారు. నేను బొటనవేలు మెకానిక్ ముందుకు చాపాను.

అందుకే చదివేవాళ్ళందరి ఎదుటా, సముద్రం సాక్షిగా చెబుతున్నాను: బతికున్నన్నాళ్ళూ ఈ బొటనవేలిని చేప మీద తప్ప ఇంక దేని మీదా పెట్టను. కొట్టతను "ఎందుకంటే" అన్నాడంటే ఎందుకో పూర్తిగా విన్నాకే తిడతాను.

మెకానిక్ ఒక్క గీత గీశాడు. వేలు బయటికొచ్చింది. బ్లేడు అతని చేతిలోంచి లాక్కుని రెండో బుష్ నేనే కోశాను. రెండూ బిగించాక అప్పన్న కారును మా వీధి మలుపు తిప్పి తెచ్చాడు. ఒరగలేదు, చప్పుడు లేదు. ఇనుప సామాన్లవాడు టీ తాగి ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. మేం బుట్టలెక్కించుకుని సంతకి పోయాం.