పనికిరాని తల

అక్క తలను పనికిరాదని తీసి పారేశారు. మెడ మీద ఉన్న తలను కాదు. కళ్ళకు పెట్టెలాంటి అద్దాలు తగిలించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఆమె తల కదలికలను. మనుషులు ఎటు చూస్తారో ముందే పసిగట్టమని యంత్రానికి పెడుతున్న మేత అది. ఆ అద్దాల్లో చుట్టూ కనిపించే బొమ్మనంతా ఒకేసారి వైఫై మోయలేదు. అందుకే యంత్రం ఊహించిన వైపు మాత్రమే తేటగా వస్తుంది, మిగతాది మసక.

అక్కను ఆ అద్దాలు తయారుచేసే కంపెనీ గదికి తీసుకెళ్ళింది తమ్ముడే. అక్కడ వైఫై పెట్టెలు బిగించడం అతని పని. అక్క గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. చప్పుడు ఎటు నుంచి వచ్చిందో ఒంటి చెవికి తెలియదు గనుక, హారన్ వినబడితే రెండు పక్కలా చూసిగానీ బండి కదపదు. తోటి డ్రైవర్లు "గుడ్లగూబా!" అని ఏడిపిస్తే, "గుడ్లగూబ ఇంతవరకు ఎవర్నీ గుద్దలేదు. నీ సంగతి చూసుకో" అనేది.

"ప్రతి చప్పుడుకీ రెండు పక్కలా తిరిగి ఈ తల యంత్రాన్ని తికమక చేస్తోంది, తీసెయ్యండి" అన్నాడు ఆ గదిలోని ఇంజనీరు. తీసేశారు.

ఏడాది తిరక్కుండానే ఆ అద్దాలు గోడౌన్‌కే వచ్చాయి, డ్రైవర్లకు పరీక్ష పెట్టడానికి. అద్దాల్లో హారన్ కుడివైపు మోగింది. అక్క కుడికి చూసింది, అలవాటుగా ఎడమకూ చూసింది. అటు అంతా మసక. వెంటనే బండి ఆపేసింది. కారణం లేకుండా ఆపిందని ఫెయిల్ చేశారు. మర్నాటి నుంచి డబ్బాలకు టేపు అంటించే బల్ల దగ్గర నిలబెట్టారు.

తమ్ముడు ఇంజనీరు మీదికి వెళ్ళాడు.

"మసక చూపించింది మీరు, ఫెయిలైంది మా అక్కా?"

"అలా తల తిప్పేవాళ్ళు నూటికొకరు బ్రదర్. ఆ ఒక్కరి కోసం అందరి బొమ్మా పాడుచేసుకుంటామా?"

"ఆ ఒక్కరికీ కడుపుంటుంది!"

"నువ్వెళ్ళి వైర్లు చూసుకో."

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళకు ఏసీ గదులు, మద్దెలకేమో దెబ్బలు!

మొన్న టేపు బల్ల దగ్గర అక్కను కలిశాడు. మళ్ళీ పరీక్ష పెడుతున్నారు.

"అక్కా, అందులో హారన్ ఎప్పుడూ కుడివైపే. కుడికే చూడు, ఎడమకు తిప్పకు. పాసైపోతావు."

అక్క టేపును పళ్ళతో పుటుక్కున తెంపింది.

"అక్కడ అలా చూడ్డం నేర్చుకుని, ఇక్కడికొచ్చి ఎవణ్ణి గుద్దమంటావురా? నిన్నా?"