అన్నీ తెలిసిన మామయ్య

మా మేనమామ నరసింహం సారు కన్నుమూసిన వార్త అందిన వేళ నేను చర్ల మండలంలోని ఒక ఉపకేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. అంతకు ముందు రెండు రోజులు ఖమ్మంలో ఆయన మంచం పక్కనే ఉన్నాను. ఇంకొన్ని రోజులు గడుస్తాయని డాక్టర్లు చెబితే, టీకాల రోజు తప్పిపోకూడదని తిరిగి వచ్చాను. ఫోన్ చేసింది అత్తయ్య. "అయిపోయింది బిడ్డా" అన్నది, అంతే. ఎదురుగా తల్లి ఒడిలో బిడ్డ ఉంది. ఆ బిడ్డకు టీకా వేసి, కార్డులో రాసి, చేతులు కడుక్కొని బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఆప్తుల మరణవార్త వింటే దుఃఖం ముంచుకొస్తుందంటారు. నాకు కోపం వచ్చింది. పన్నెండు రోజులైనా ఆ కోపం చల్లారలేదు. చల్లారేదాకా ఆగి రాస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది కనుక ఇప్పుడే రాస్తున్నాను.

ఖమ్మంలో గణితం చదువుకున్న రెండు తరాల వారికి నరసింహం సారు పరిచయం అక్కరలేదు. తెల్లని చొక్కా, మోచేతి దాకా సుద్దపొడి, నల్లబల్ల మీద ముత్యాల వంటి అక్షరాలు. ఎంతటి క్లిష్టమైన సమస్యనైనా మూడు మెట్లలో విప్పి చూపగల అసాధారణ ప్రతిభ ఆయనది. "ఆధారం చూపియ్, ఆ తర్వాత మాట్లాడు" అన్నది తరగతిలో ఆయన నిత్యమంత్రం. ఇంట్లోనూ అదే మంత్రం. తేడా ఒక్కటే: ఇంట్లో ఆధారం చూపవలసిన వాళ్ళం మేము, తీర్పు చెప్పవలసిన వారు ఆయన.

నాన్న పోయాక అమ్మనూ నన్నూ మామయ్య తన ఇంటికి తెచ్చుకున్నారు. కొన్నేళ్ళకు అమ్మ కూడా పోయింది. నన్ను పెంచింది మామయ్య, సుగుణత్తయ్య. వారికి సంతానం లేదు. ఆ ఋణాన్ని నేను కాదనను. కాదనలేను కాబట్టే ఈ కోపం ఇంత బరువుగా ఉంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు విడవని జ్వరం పట్టుకుంది. దగ్గరలోని డాక్టరు మామూలు జ్వరమేనని మందిచ్చి పంపారు. మామయ్యకు నమ్మకం కుదరలేదు. థర్మామీటరు కొని తెచ్చి, రెండు గంటలకోసారి చూసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టారు. నాలుగో రోజుకు ఆ గీత ఆయనతో మాట్లాడింది. జ్వరం రోజు విడిచి రోజు చలితో వచ్చి, చెమటతో దిగుతున్నది. ఆ కాగితం తీసుకుపోయి డాక్టరు బల్ల మీద పరిచారు. "ఇది మామూలు జ్వరం కాదు సార్, రక్తం చూడుండ్రి" అన్నారు. చూశారు. మలేరియా. నేను బతికాను.

ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో చెప్పారు, కాలేజీలో చెప్పారు, ఇంటికి వచ్చిన ప్రతి అతిథికీ చెప్పారు. ప్రతిసారీ ఆ డాక్టరు ఇంకొంచెం మూర్ఖుడయ్యారు, మామయ్య ఇంకొంచెం సర్వజ్ఞుడయ్యారు. అసలు ఆ రోజు ఆయనను గెలిపించినది సందేహం. తనకు తెలియదన్న ఎరుకతో ఆయన రెండు గంటలకోసారి కొలిచారు. కథలో మాత్రం ఆ సందేహం మిగలలేదు, గెలుపు మిగిలింది. ఆ ఒక్క గెలుపు మీద ఆయన ముప్ఫై ఏళ్ళు బతికారు. దాని వల్లే పోయారు.

నేను నర్సింగులో చేరతానన్నప్పుడు ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. "గంత లెక్కలు నేర్పితే గిదా బిడ్డా నువ్వు చేసేది? ఇంకొకడు రాసిన మందు ఇచ్చే పని" అన్నారు. చేరాను. ఆ తరువాత ఇన్నేళ్ళలో వైద్యం గురించి నేను చెప్పిన ఒక్క మాటనూ ఆయన స్వీకరించలేదు.

ఐదేళ్ళ కిందట ఒక పండుగకు ఖమ్మంలో, ఖానాపురం హవేలి ప్రాంతంలోని మామయ్య ఇంటికి పోయాను. నా జడ అల్లుతూ చేయి ఎత్తినప్పుడు అత్తయ్య ముఖం చిట్లించడం ఎదుటి అద్దంలో కనబడింది. అడిగితే మొదట ఏమీ లేదన్నది. గట్టిగా అడిగితే రొమ్ములో గడ్డ చూపించింది. ఏడు నెలలుగా ఉందట.

"ఎవరికన్నా చూపించినవా?"

"మీ మామకు చెప్పిన. నొప్పి లేని గడ్డకు భయం లేదని ఫోన్ల చదివి చెప్పిండు. నేను ఊకున్న."

నొప్పి లేనంత మాత్రాన భయం లేదనడానికి వీల్లేదు. ఆ ముక్క నా దగ్గరికి వచ్చే ఆశా కార్యకర్తలందరికీ తెలుసు. మరునాడే అత్తయ్యను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఇంత ఆలస్యమెందుకైందని అక్కడి డాక్టరమ్మ అత్తయ్యను అడిగింది. అత్తయ్య నోరు తెరిచేలోగా మామయ్య ఇంగ్లీషులో జవాబు చెప్పారు, బాధ ఏమీ లేకపోయిందని. అది ఎవరి ఆలస్యమో ఆ జవాబులో లేదు. అత్తయ్య నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆపరేషన్, ఆ తరువాతి మందులు, రాలిపోయిన జుట్టు, అన్నీ ఓర్చుకొని ఆమె బతికింది. మామయ్య మాత్రం ఆ సంగతిని ఏనాడూ ప్రస్తావించలేదు. మలేరియా కథ చెప్పడమూ మానలేదు.

ఆయనకు బీపీ ఉందని తేలింది ఆ ఆసుపత్రిలోనే. ఆరు నెలలు మాత్రలు వేసుకున్నారు. నార్మల్ వచ్చింది. మానేశారు. "నార్మల్ వచ్చినంక మందెందుకు? సమస్య తీరినంక మళ్ళ సాధిస్తమా?" అని నన్నే ఎదురడిగారు. మాత్ర వేసుకోబట్టే నార్మల్ ఉందని చెప్పాను. నవ్వారు. "నాకు చెప్పే ముందు ఇంకొంచెం చదువుకొని రా" అన్నారు.

కిందటి సంవత్సరం ఇద్దరూ భద్రాచలంలో దర్శనం చేసుకొని, నన్ను చూడటానికి మా ఉపకేంద్రానికి వచ్చారు. అదే సమయానికి భీమమ్మ వచ్చింది. అడవిలో మూడు మైళ్ళ దూరంలోని కోయ పల్లె ఆమెది. చదువు లేదు, తెలుగు కూడా తడుముకుంటూ మాట్లాడుతుంది. ఆమె భర్తకు బీపీ. చేతిలో మాత్రల అట్ట పట్టుకొని వచ్చింది.

"పోయిన తూరి తెల్లగుండె. ఈ తూరి ఎర్రగుంది. ఇయ్యలే. అడుగుదామని వచ్చిన."

మందు అదేనని, తయారు చేసిన కంపెనీ మారింది కనుక రంగు మారిందని చెప్పాను. మళ్ళీ చెప్పమన్నది. చెప్పాను. ఆ తరువాత తానే నాకు అప్పజెప్పింది: "ఎర్రదైనా అదే. పొద్దున ఒకటి. మానొద్దు. మంచిగున్నా మానొద్దు." సరిగ్గా చెప్పిందో లేదో నా ముఖంలో చూసుకొని వెళ్ళిపోయింది.

ఆమె వాకిలి దాటకముందే మామయ్య నవ్వారు. "గోలీ రంగు చూసి భయపడి గింత దూరం నడిచొచ్చిందా! వీళ్ళకు ఎట్ల చెప్తవు బిడ్డా నువ్వు?"

"చెప్తే వింటరు మామా. అడుగుతరు గూడ. నువ్వొక్కసారి ఇట్ల చెయ్యి పెట్టు, బీపీ చూస్త."

చూశాను. నూట ఎనభై దాటింది. బస్సులో వచ్చినందుకు అట్లా ఉందన్నారు. అరగంట కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. అంతే ఉంది. మిషన్ పాతదన్నారు.

భీమమ్మను నేను దేవతను చేయడం లేదు. తొలికాన్పుకు దవాఖానాకు రమ్మని ఎంత మొత్తుకున్నా రాలేదు. ఆ బిడ్డ దక్కలేదు. ఆ గర్భశోకం తరువాత ఆమె ప్రతిదీ అడగడం మొదలుపెట్టింది. మామయ్యకు ఒక గెలుపు దొరికింది, ఆయన అడగడం మానేశారు. పట్టాలు ఉన్నవారు తమ ఒంటి గురించి సరిగ్గా ఆలోచిస్తారని, లేనివారు ఆలోచించలేరని ఈ దేశంలో అందరూ నమ్ముతారు. నేను నమ్మను. చదువు ఆయనకు వెయ్యి పేజీలు చదివే శక్తినిచ్చింది. ఆ వెయ్యి పేజీల్లో తనకు నచ్చిన ఒక్క వాక్యాన్ని ఏరుకునే చాతుర్యాన్ని అహంకారం ఇచ్చింది.

ఆయన పోయిన వారం, సోమవారం ఉదయం ఫలహారం దగ్గర మామయ్య ఎడమ చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారింది. అత్తయ్య నాకు ఫోన్ చేసింది. "మీ మామ మూతి వంకర పోయింది బిడ్డా. మాట ముద్దముద్దగొస్తుంది. నాకు భయమైతుంది."

"ఇప్పుడే తీస్కపో అత్తా. ఆటో పిలువు. ఆగకు."

ఫోన్ చేతులు మారింది. ఆయన మాట అప్పటికే బాగుపడింది. "మెడ నరం పట్టింది, అంతే. పది నిమిషాల్ల తగ్గింది చూడు. నువ్వు నర్సువు, డాక్టరువు కాదు. దాన్ని బెదిరియ్యకు." తగ్గినా పోవాలని, తగ్గిపోయినదే పెద్ద హెచ్చరిక అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన తనను తాను పరీక్షించుకున్నారట. పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకున్నారు. గచ్చు మీద బండల గీత వెంట తిన్నగా నడిచి చూపించారు. అన్నిటిలో పాసయ్యారు. ప్రశ్నపత్రమూ ఆయనదే, మార్కులు వేసిందీ ఆయనే.

నేను ఆ రోజే బయలుదేరవలసింది. బయలుదేరలేదు. మరునాడు పోదామనుకున్నాను. ఈ వ్యాసంలో నా మీద కూడా కోపం ఉంది, అది పాఠకులు గమనించాలి.

మంగళవారం ఆరింటికి ఆయన మంచం మీంచి లేవబోయి ఎడమపక్కకు ఒరిగిపోయారు. చేయి ఆడలేదు, కాలు ఆడలేదు. అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తబోయింది. వెనక నుంచి ముక్కలు ముక్కలుగా మాట వినిపించింది. "ఆగు... నిన్నటి లెక్కనే... తగ్గుతది." కుడిచేతితో ఆమె కొంగు పట్టుకున్నారు. ఆమె ఆగింది. పక్కన కూర్చుని కాలు రుద్దింది. ఏడైంది, ఎనిమిదైంది, తొమ్మిది దాటింది. నాకు ఫోన్ కూడా చేయనియ్యలేదు. పదకొండింటికి ఆయనకు స్పృహ తప్పింది. అప్పుడు ఆపేవారు లేరు కనుక ఆమె అంబులెన్సును పిలిచింది.

మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదిమందు నాలుగున్నర గంటల లోపు వేయాలి. ఆ గడువు దాటిపోయిందని డాక్టరు చెబుతున్న వేళకు, ఆ ఉదయమే బయలుదేరిన నేను అక్కడికి చేరుకున్నాను. అత్తయ్య గోడకు ఆనుకొని కింద కూర్చొని ఉంది. నన్ను చూసి ఒక్కమాట అన్నది. "నేను ఆగిన బిడ్డా."

మామయ్యా, ప్రాణం మీది. దానితో మీరు ఏ ప్రయోగమైనా చేసుకోండి. కానీ ఈ మూడు ముక్కలను ఆమె నోట పెట్టి పోయారు చూడండి, దానికి మీరు ఏ ఆధారం చూపిస్తారు?

తొమ్మిదో రోజున ఆయన పూర్వ సహోద్యోగులు సంతాప సభ జరిపారు. మహోపాధ్యాయుడన్నారు, గణితశాస్త్ర శిఖరమన్నారు. అవి నిజాలే. చివర ఒక పెద్దాయన లేచారు. "ఇంతటి మేధావికి సకాలంలో వైద్యం అందకపోవడం విధి వైపరీత్యం. ఆ సమయంలో ఇంట్లో చదువుకున్న మనిషి ఒక్కరున్నా లక్షణాలు గుర్తించేవారు. పాపం, ఆ అమ్మగారికి ఏం తెలుస్తుంది?" అన్నారు. జాలిగానే అన్నారు. సభ అంతా నిట్టూర్చింది.

నేను లేవబోయాను. అత్తయ్య నా మోకాలి మీద చేయి వేసి నన్ను కూర్చోబెట్టి, తాను లేచింది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. నలుగురిలో ఏనాడూ గొంతెత్తని మనిషి. మైకు ఇవ్వబోతే వద్దన్నది.

"నాకు తెల్వదని అనకుండ్రి. మూతి వంకరైంది నాకే కనబడ్డది. పక్షవాతమే అని సోమవారమే తెలిసింది నాకు. సారు ఆగమన్నడు. నేను ఆగిన. నా తప్పు ఆగుడు. తెల్వకపోవుడు కాదు."

కూర్చుంది. ఆ పెద్దాయన చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తరువాత మాట్లాడవలసిన ఇద్దరు మాట్లాడలేదు.

మామయ్య లేని లోటు తీరేది కాదు. అటువంటి గురువు ఖమ్మానికి మళ్ళీ దొరకడం కష్టం. ఒక సమస్యను ఆయన విప్పుతుంటే చూడటం ఎంతటి ఆనందమో ఆయన తరగతిలో కూర్చున్న వాళ్ళకు తెలుసు. అంతటి వివేకం తన దేహం దగ్గరికి, భార్య దేహం దగ్గరికి వచ్చేసరికి ఎట్లా గుడ్డిదైపోయిందో తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపట కొరుకుతాను. ఆయనను నేను క్షమించలేదు. క్షమించానని రాస్తే ఈ పత్రిక పాఠకులు సంతోషిస్తారేమో, కానీ రాయను.

ఈ ఉదయం అత్తయ్య ఆయన ఫొటో ముందు దీపం పెడుతుంటే ఉండబట్టలేక అడిగాను. "అంత చేసి పోయిన మనిషికి రోజూ ఎందుకత్తా దీపం?"

ఆమె ఒత్తి సరిచేసింది. "ముప్ఫై ఎనిమిదేండ్లు కలిసి బతికిన. నాకు కోపం లేదనుకున్నవా? కోపమున్నా దీపం పెట్టొచ్చు బిడ్డా."

అగ్గిపెట్టె నా చేతికిచ్చింది. రెండో ఒత్తి నేను వెలిగించాను. కోపంతోనే.