తెల్లదోమలో పిల్లి

మా బావ తెల్లదోమలకు అల్లుడు. అక్కను చేసుకుని మాకూ అల్లుడయ్యాడు గానీ, ఆయన మర్యాదలన్నీ దోమలకే. పరిశోధనశాలలో టమాటా మొక్కలు పెంచి, వాటిమీద తెల్లదోమలను మేపి, ఆ దోమలను ట్యూబులో నూరి, యంత్రంలో వాటి జన్యువులు చదవడం ఆయన పని. ఉద్యోగం తాత్కాలికం. ఈసారి పర్మనెంటు అవుతుందా లేదా అన్నది పెద్ద మేడమ్ ముందు ఆయన చేయబోయే ప్రసంగం మీదే ఆధారపడి ఉంది.

అక్కడే నేను వ్యాను నడుపుతాను. తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడి మానేశాను. పాపం, బడి ఇప్పటికీ కోలుకోలేదు. అయినా జన్యువుల సంగతి నాకు కంఠతా వచ్చు. అక్క చేతి అన్నం తినాలంటే బావ ఉపన్యాసం కూడా మింగాలి మరి.

"జన్యువు తల్లిదండ్రుల నుంచే రావాలని లేదురా," అనేవాడు ముద్ద గాల్లో ఆపి. "ఒక్కోసారి చుట్టరికమే లేని జీవి నుంచి అడ్డంగా దూకేస్తుంది. తెల్లదోమ ఎప్పుడో ఓ మొక్క జన్యువు కొట్టేసింది. మొక్క విషం పెడితే, ఆ జన్యువుతోనే విరిచేసి హాయిగా రసం పీలుస్తోంది."

"అయితే నీ తెలివి కూడా అక్కలోకి దూకేసి ఉంటుందా బావా?"

"దూకడానికి ముందు ఉండాలిగా," అంది అక్క గరిటె తిప్పుతూ.

ఆ తర్వాత కొన్నాళ్లకు బావ నడకే మారిపోయింది. చొక్కా గుండీలు పట్టనంతగా ఛాతీ పొంగింది. దోమలో పిల్లి జన్యువు దొరికిందట! నేను ఊరుకుంటానా? బావ దోమలు మ్యావ్ మంటున్నాయనీ, ఆ వరండావైపు ఎలుకలు రావడం మానేశాయనీ, ఓ దోమ ఏకంగా పాలగిన్నె మూత తీసిందనీ వ్యాను ఎక్కిన ప్రతివాడికీ చెప్పాను. సగంమంది నమ్మారు. నమ్మినవాళ్లంతా పట్టాలున్నవాళ్లే.

నూరే గదిలో తాత్కాలికులు నీలం కోటు, పర్మనెంటువాళ్లు తెల్లకోటు వేసుకోవాలి. నీలం కోటంటే బావకు నామోషీ. అందుకని చలికి ఇంటి స్వెట్టరు తొడుక్కునే నూరేవాడు. ఆ స్వెట్టరు మీదే ఇంట్లో పిల్లి పడుకుంటుంది. ఇంకో నియమం కూడా ఉంది: ప్రతిసారీ ఒక ట్యూబులో పురుగు తప్ప అన్నీ వేసి, దాన్నీ చదివించాలి; బయటిదేదైనా కలిస్తే అందులో పట్టుబడుతుంది. "ఏమీ లేనిదాన్ని చదవడం దండగ," అని బావ అదీ మానేశాడు.

ప్రసంగానికి ముందురోజు మేడమ్ గదిలోకి వచ్చింది.

"ఖాళీ ట్యూబు ఫలితమేదండీ?"

"చెయ్యలేదు మేడమ్."

"చేసి రేపు తీసుకురండి."

మర్నాడు పొద్దున్నే బావ వ్యాను ఎక్కి, ఉపన్యాసం మాని స్వెట్టరునే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఇదెప్పుడూ జరగలేదు. నాకు భయం వేసింది.

"ఏమైంది బావా?"

"రాత్రి చేసిన ఖాళీ ట్యూబులోనూ పిల్లి ఉందిరా."

"హమ్మయ్య! నీళ్లలోకి కూడా దూకిందన్నమాట!"

బావ నవ్వలేదు. స్వెట్టరు చేతిమీది పిల్లి వెంట్రుక తీసి కిటికీలోంచి వదిలాడు. "ఇప్పుడు నీలం కోటు వేసుకుని, అంతా కడిగి, ఇంకో ఖాళీ ట్యూబు నడిపితే శుభ్రంగా వస్తుంది. అదొక్కటే చూపిస్తే చాలు. ఉద్యోగం నాదే."

"అబద్ధాలు నాకొదిలెయ్ బావా. నీ మొహానికి నప్పవు."

వ్యాను తాళాలు వెతుకుతున్నట్టు నటిస్తూ ప్రసంగం హాలు తలుపు దగ్గరే నిలబడ్డాను. బావ నీలం కోటులో లేచాడు. మొదటి మాటగానే ఖాళీ ట్యూబులోనూ పిల్లి వచ్చిందని చెప్పేశాడు.

"నిజంగా దూకితే పిల్లి జన్యువుకు రెండువైపులా దోమ జన్యువులు అతుక్కుని ఉండాలి. ఉన్నాయా?" అంది మేడమ్.

"లేవు మేడమ్. పిల్లి ఒంటరిగానే ఉంది. నా స్వెట్టరుది."

హాలంతా నవ్వింది. నాకంటే గట్టిగా ఎవరూ నవ్వలేదని గర్వంగా చెప్పగలను.

పర్మనెంటు కాలేదు. ఇంకో ఏడాది పొడిగించి, ఖాళీ ట్యూబులన్నీ ఆయన ఒక్కడే చెయ్యాలన్నారు. ఇప్పుడు బావ నీలం కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. స్వెట్టరును మాత్రం అక్క పిల్లికే పర్మనెంటు చేసేసింది.